రెండో ధార

రామ్‌చందర్ పాలు పిండితే బకెట్‌లో రెండు ధారలు పడతాయి. కుడిచేతిది ఒకటి, ఎడమచేతిది ఒకటి. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో సందు లేకుండా. ఖాళీ బకెట్ అడుగున మొదట గణగణమని, నురగ లేచాక మెత్తగా. కొట్టం గోడకు ఇవతల దాణా తడుపుతూ, గిన్నెలు తోముతూ, ఎవరితోనో మాట్లాడుతూ అతని భార్య ఆండాలు ఆ చప్పుడును నలభై ఏళ్లుగా వింటూనే ఉంది. వింటున్నానని ఆమెకు తెలియదు. సోమవారం సాయంత్రం అది సగమైపోయాక తెలిసింది.

ఆమె చేతిలో తవుడు ముద్ద అలాగే ఉండిపోయింది. గోడ చివర నుంచి తొంగి చూసింది. అతను ఎప్పటిలాగే బర్రె కుడిపక్కన గొంతుక్కూర్చుని, నుదురు దాని డొక్కకు ఆనించి ఉన్నాడు. కుడిచేయి ముందరి చన్ను మీద ఆడుతోంది. ఎడమచేయి వెనక చన్ను నుంచి జారి మోకాలి మీద పడి ఉంది. బర్రె వెనక కాలు ఒకసారి ఎత్తి దించింది.

"ఏమయ్యా, ఏమైంది?"

"పాలు చేపుతలేదు," అన్నాడు. బుగ్గన తంబాకు పెట్టుకున్నవాడిలా మాట ముద్దగా వచ్చింది. అతనికి తంబాకు అలవాటు లేదు.

"ఏందీ?"

అతను ముఖం డొక్కకు ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. ఆండాలు కదలకుండా నిలబడింది. ఒక్క ధారే కుంటివాడి అడుగులా ఉండుండి పడుతోంది. ముందరి చన్నులు రెండూ ఖాళీ అయ్యేదాకా అలాగే పడింది. అప్పుడు ఎడమచేయి మోకాలి మీద నుంచి దానంతట అదే లేచింది. వేళ్లు రెండుసార్లు ముడుచుకుని తెరుచుకున్నాయి. వెనక చన్నును నాలుగుసార్లు లాగి, ఇక చాలన్నట్టు అతను బకెట్ తీసుకుని లేచాడు.

ఐదు లీటర్లు రావలసిన చోట రెండున్నర వచ్చాయి.

గల్లీ వైపున్న ముందు గదే వాళ్ల పాల దుకాణం. అందులో అమ్మే పాలు చాలావరకు పొద్దున్నే బండిలో క్యాన్లలో వస్తాయి. ఇంటి పాలంటే ఈ బర్రె, చుక్కివే. కొట్టంలో ఉన్న రెండో బర్రె వట్టిపోయి చూలుతో ఉంది. ఇంటి పాలకు అలవాటు పడ్డవాళ్లు గల్లీలో పదిమంది దాకా ఉన్నారు, జలమండలిలో పనిచేసి రిటైరైన రాహేలు వాళ్లలో గట్టి మనిషి. కోడలు వీణ పాలు కొలిచి పోస్తుంటే ఆమె గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల గూడ ఇంటి పాలు అర్ధ లీటరేనా?"

"బర్రె చేపుతలేదంట ఆంటీ. శుక్రవారం నుంచి గట్లనే ఉంది."

"బర్రెకేం రోగం. మీ మామనడుగు." రాహేలు గొంతు తగ్గించింది గానీ, అరుగు మీద కూర్చున్న రామ్‌చందర్‌కు వినబడనంతగా కాదు. "ఆదివారం చర్చికి పోతా ఆగిన. గిన్నె పడితే పాలన్నీ నా చెయ్యి మీద పోసిండు. ఏందన్నా ఇది అంటే నోరు తిరుగుతలేదు. పొద్దుగాల ఏడింటికి. పెద్దమనిషి అని ఊకున్న."

దుకాణం లోపల క్యాన్లు కడుగుతున్న కొడుకు మహేష్ తలెత్తాడు. "నేను గా రోజే వాసన చూసిన ఆంటీ. ఏం లేదు."

"నీ నాయిన నీకు వాసన తగలనిస్తడా. ఏలక్కాయ నమిలితే అయిపాయె."

వీణ నవ్వు ఆపుకుంది. ఆండాలు అరుగు వైపు చూసింది. రామ్‌చందర్ కల్లు మానేసి పదకొండేళ్లయింది. ఒకసారి బోనాల పండగ నాడు బావమరిది సరదాకు తాగావంటే రెండు నెలలు అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు అంతా విని, చెప్పుల వార్లు చూసుకుంటూ కూర్చున్నాడు. తాగాడని అంటే మాట పడి ఊరుకున్న భర్తను ఆమె అదే మొదటిసారి చూడటం. కోపం రాలేదు ఆమెకు. ఎందుకు ఊరుకున్నాడా అనిపించింది. అన్నం తింటున్నంతసేపూ అదే అనిపించింది.

మంగళవారం పొద్దున చుక్కికి దిష్టి తీశారు. ఎండుమిరపకాయలు, ఉప్పు, దాని కాళ్ల కింది మట్టి చిటికెడు గుప్పిట్లో పట్టి ఆండాలు మూడుసార్లు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి బాగా తగిలినట్టేనని మహేష్ అన్నాడు. మరుక్షణం ఘాటు తగిలి అందరూ దగ్గారు. చుక్కి కూడా దగ్గింది.

"దిష్టి లేదు, ఏం లేదు. అమ్మెయ్," అన్నాడు రామ్‌చందర్ కళ్లు తుడుచుకుంటూ.

మహేష్ నమ్మలేనట్టు చూశాడు. "అమ్ముడా? ఈని నెలన్నరే అయింది బాపూ."

"అందుకే మంచి ధర వస్తది. చేపని బర్రెను పెట్టుకొని ఏం జేస్తం? దలాల్‌కు ఫోన్ చెయ్."

"వాడు డాక్టర్ చూసినంకనే కొంటా అంటడు."

"డాక్టర్‌ను గూడ పిలువు."

చుక్కి తల్లిని అమ్మమని ఇంటివాళ్లంతా వెంటపడినప్పుడు మూడు రోజులు కొట్టంలోనే మంచం వేసుకున్నవాడు ఈయనే. ఆండాలు పేడ ఎత్తడానికి వెళ్లి, చుక్కి దుడ్డెను కట్టేసిన మూల దగ్గర ఆగింది. దుడ్డెకు పేడ నీళ్లలా పారుతోంది. తెల్లగా, పల్చగా, రెండు మూడు చోట్ల. నాలుగు రోజుల నుంచి అంతే, దానిక్కూడా దిష్టే అనుకున్నారు. కానీ పారే దూడ డొక్కలు లాక్కుపోవాలి. ఇది గుండ్రంగా ఉంది. మెడ కింద చేయి పెడితే మెత్తగా తగిలింది.

ఆమె పేడ గంప కింద పెట్టి చుక్కి దగ్గరకు వెళ్లింది. పాలు పిండి పావుగంట కూడా కాలేదు. పొదుగు కిందకు చేయి పోనిచ్చింది. ముందరి చన్నులు ఒట్టి సంచుల్లా వేలాడుతున్నాయి. వెనకవి నిండుగా ఉన్నాయి. బొటనవేలితో ఒత్తితే పాలు చిమ్మి ఆమె చీర మీద పడ్డాయి.

చేపని బర్రె పొదుగులో పాలెక్కడివి?

పొద్దంతా ఆ సంగతి ఆమె వెంటే తిరిగింది. కూరగాయలు తరుగుతూ తన రెండు చేతులను చూసుకుంది. ఎడమచేయి పట్టుకుంటేనే కుడిచేయి కోయగలదు. అతను ఎప్పుడూ కుడిచేత్తో ముందరివి, ఎడమచేత్తో వెనకవి పిండుతాడు. చేతులు మార్చడు, మారిస్తే బర్రె బెదురుతుందంటాడు.

మధ్యాహ్నం అతను స్నానం చేసి వచ్చి చొక్కా తొడుక్కున్నాడు. ఆమె గుమ్మంలోనే కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. పై గుండీ పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకుంటూ ఆగాడు. కుడిచేయి ఒక్కటే గుండీతో పెనుగులాడింది. నోటి ఎడమ మూల కొంచెం కిందికి దిగి ఉంది, ఎవరో కొసన పట్టి లాగినట్టు.

"ఇటు చూడు," అంది.

అతను గోడ వైపు తిరిగాడు. ఆమె చేటలోని పప్పును చూస్తూ ఏరసాగింది, ఎన్ని రాళ్లు వచ్చాయో చూసుకుంటూ. పద్దెనిమిదో రాయి దగ్గర అతను ఇటు తిరిగాడు. ముఖం ఎప్పటిలాగే ఉంది. గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"ఏందట్ల చూస్తున్నవ్?"

"ఏం లే."

బుధవారం మధ్యాహ్నం మూడింటికి పశువుల డాక్టరు వచ్చాడు. అనురాగ్ అని, ముప్పై ఏళ్లుంటాయి. మోటార్‌సైకిల్ గల్లీ మొదట్లోనే పెట్టి, బూట్లు విప్పి రబ్బరు చెప్పులు తొడుక్కుని కొట్టంలోకి వచ్చాడు. చుక్కి చెవులు పట్టి చూశాడు, కనురెప్ప తిప్పి చూశాడు, పొదుగు నాలుగు భాగాలూ అరచేత్తో నొక్కాడు. ఒక్కో చన్ను నుంచి నల్లటి గిన్నెలోకి నాలుగు చుక్కలు పిండి వెలుతురుకు పట్టాడు.

"వాపు లేదు, వేడి లేదు, పాలల్ల గడ్డలు లేవు. ఏం రోగం లేదు దీనికి. దుడ్డెకెందుకు పారుతుందో తెలుసా? పాలు ఎక్కువైనయి. అరగక."

"పాలే ఇస్తలేదు సార్," అన్నాడు మహేష్.

"ఇస్తుంది. మీకు గాదు, దుడ్డెకు. మీరు వెనకవి వదిలేస్తే అది తాగుతుంది." డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ఎవరు పిండుతరు?"

అందరూ రామ్‌చందర్‌ను చూశారు.

"ఒకసారి పిండు కాకా, చూస్త."

దుడ్డెను రెండు నిమిషాలు వదిలి లాగి కట్టారు. రామ్‌చందర్ కూర్చున్నాడు. చేతులు నీళ్లతో తడుపుకున్నాడు. నుదురు ఆనించాడు. రెండు ధారలు మొదలయ్యాయి, గణగణమని, తర్వాత మెత్తగా, నలభై ఏళ్ల నుంచి పడుతున్నట్టే. బకెట్ అంచు దాకా నురగ లేచింది. ఐదు లీటర్ల పైనే ఉంటాయి. మహేష్ నోరు వెళ్లబెట్టాడు.

"మరి గిదేంది బాపూ?"

"నేనేం జెప్పాలె? సారును చూసి చేపింది," అన్నాడు రామ్‌చందర్. వీణ నవ్వింది. డాక్టరు కూడా నవ్వి సంచి సర్దుకోబోయాడు.

"అది ఇయ్యాల్టి సంగతి," అంది ఆండాలు.

ఆమె కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. భర్తను చూడకుండా డాక్టరునే చూస్తూ మాట్లాడింది.

"సోమవారం పొద్దుమీకి ఎడమచెయ్యి ఆగింది సారూ. ముందటి చన్నులు రెండు పిండేంత సేపు. మాట గూడ ముద్దగ వచ్చింది. మళ్ల దానంతట అదే మంచిగైంది. నిన్న పగటికి చొక్క గుండీ పెట్టుకుంట ఆగిండు. మూతి గింత ఎడమకు దిగింది. నేను పప్పుల పద్దెనిమిది రాళ్లు ఏరేదాక అట్లనే ఉండె. ఆదివారం రాహేలక్క చెయ్యి మీద పాలు పోసిండు. తాగిండు అన్నరు. శుక్రవారం పొద్దుగాల పాలు తక్కువైనయి. అప్పుడు నేను చూడలే."

"తిమ్మిరి," అన్నాడు రామ్‌చందర్. "గొంతుక్కూసుంటే తిమ్మిరెక్కదా? దీనికేం పనిలేదు సారూ, నా మూతి చూసుకుంట కూసుంటది."

డాక్టరు సంచి కింద పెట్టాడు. "కాకా, రెండు చేతులు ముందటికి చాపు. కండ్లు మూసుకో." రెండు చేతులూ సమానంగా నిలిచాయి. "నవ్వు." రామ్‌చందర్ మొహమాటంగా నవ్వాడు. అదీ సమానంగానే ఉంది.

"ఇప్పుడు మంచిగనే ఉన్నడు గద సార్," అన్నాడు మహేష్.

"ఇప్పుడు మంచిగుంటడు." డాక్టరు మహేష్ వైపు తిరిగాడు. "నేను బర్రెల డాక్టర్నే. కానీ ఇది నాకు తెలుసు. తలకు రక్తం పోయే గొట్టంల చిన్న గడ్డ అడ్డం పడుతది. చెయ్యి ఆగుతది, మూతి వంకరైతది, మాట ముద్దయితది. గడ్డ కరిగిపోతే పది నిమిషాలల్ల అంతా మామూలే. ఏం కాలేదనుకుంటం. నాలుగుసార్లు కరిగింది. ఐదోసారి కరగకపోతే పక్షవాతం. అది రేపు రావచ్చు, ఇయ్యాల రాత్రే రావచ్చు."

మహేష్ చేతిలోని క్యాన్ మూత తిప్పుతూ ఉండిపోయాడు.

"మా అమ్మకు మూడుసార్లు వచ్చింది," అన్నాడు డాక్టరు. "మూడుసార్లూ చాయ్ పెట్టిచ్చి పండుకోబెట్టినం."

"ఆటో పిలువు మహేష్," అంది ఆండాలు.

"ఎటు?" రామ్‌చందర్ లేచి నిలబడ్డాడు. "ఆరింటికి దలాల్ వస్తడు. పొద్దుగాల పాలెవరు పిండుతరు? రేపు పోదాం తీ."

"పాలు మహేష్ పిండుతడు. దలాల్ వస్తే చాయ్ తాపి పంపుతది వీణ. బర్రె ఎటూ పోదు. నువ్వు నడువు."

"దీని లొల్లి చూడు," అన్నాడు అతను డాక్టరుతో. డాక్టరు అప్పటికే ఫోనులో ఎవరినో అడుగుతున్నాడు, స్కాన్ ఉన్న దవాఖాన దగ్గరలో ఏదని. ఆటో ఎక్కేలోపు మళ్లీ అట్లా అయితే 108కు చేయండి, నీళ్లు గూడ తాపకండి, ఇంట్లో ఉన్న గోళీ ఏదీ వేయకండి, ఎప్పుడు మొదలైందో టైం గుర్తుపెట్టుకోండి అని ఆండాలుకే చెప్పాడు.

గల్లీ మొదట్లో రాహేలు ఎదురైంది. ఆటోలో మొగుడూ పెళ్లాలను చూసి ఆగింది. "ఎటు పోతున్నరు ఈ ఎండల?"

"దవాఖానకు. తాగలేదక్కా ఆయిన. చెయ్యి పడిపోతుంది," అంది ఆండాలు.

రాహేలు ఆటో పక్క కడ్డీ పట్టుకుని నాలుగడుగులు వెంట నడిచి వదిలింది.

దవాఖానలో డాక్టరమ్మ అడిగిన ప్రతిదానికీ రామ్‌చందర్ "ఏం లేదమ్మా" అనే చెప్పాడు. ఆమె పెన్ను మూసేసే సమయానికి ఆండాలు మళ్లీ అంతా చెప్పింది, కొట్టంలో చెప్పిన వరసలోనే. ముందరి చన్నులు రెండు పిండడానికి ఎంతసేపు పడుతుందమ్మా అని డాక్టరమ్మ అడిగింది. పది నిమిషాలకు కొంచెం తక్కువని ఆండాలు చెప్పింది. పద్దెనిమిది రాళ్లు ఏరడానికి? పావుగంట. డాక్టరమ్మ రెండూ రాసుకుంది.

తలకు స్కాన్ తీశారు, మెడకు తీశారు. చీకటి పడకముందే వార్డులో పడక ఇచ్చారు. మెడలో కుడిపక్క రక్తనాళం బాగా సన్నబడిందని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పటికి మందులు మొదలుపెట్టాం, ఆపరేషన్ సంగతి పెద్ద సారు చూసి చెప్తారు, ఈ రెండు రోజులూ కనిపెట్టుకుని ఉండాలి, ఏ కొంచెం తేడా వచ్చినా వెంటనే చెప్పాలి, ఎంత తొందరగా తెలిస్తే అంత పని చేయగలం అంది.

"చెయ్యి ఎడమది గదమ్మా. గొట్టం కుడిదెట్లయింది?" అని అడిగింది ఆండాలు.

"తల కుడిపక్క భాగం ఎడమచేతిని నడిపిస్తుంది. ఎడమపక్కది కుడిచేతిని."

ఆండాలుకు అది ఎంతో వింతగా అనిపించింది. వార్డులో కూర్చుని చాలాసేపు తన చేతులను, భర్త తలను మార్చి మార్చి చూసింది.

గురువారం పొద్దున మహేష్ ఫోన్ చేశాడు. చుక్కి బకెట్‌ను తన్నిందట. రెండు లీటర్లు వచ్చాయట, అందులో ఒకటి తన లుంగీ మీదే ఉందట. రామ్‌చందర్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వాడు. "చేతులు తడుపుకున్నవారా? గోర్లు తీసుకున్నవా? గోరు తగిలితే తన్నదా మరి." ఫోను పెట్టేశాక కాసేపు కిటికీ వైపు చూశాడు.

"దలాల్ వచ్చిండంటనా?"

"వచ్చి పోయిండు. అమ్మం అని చెప్పిందంట వీణ."

అతను తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు.

ఆండాలు బత్తాయి తొక్క తీస్తోంది. తీస్తూనే ఉంది.

"శుక్రవారమే ఎర్కయింది, చెయ్యి నాది గాదన్నట్టయింది. బర్రె చేపుతలేదన్న. అది రాని పూట గూడ వస్తదేమోనని సగంల లేస్తుంటి. రాహేలు తాగిండని అంటే ఇదీ మంచిదే అనుకున్న. తాగినోడికి పొద్దుమీకి దిగుతది. చెయ్యి పోయినోడంటే ఇగ కొట్టంలకు రానిస్తరా? బర్రెను అమ్మేస్తే పిండే పనే ఉండదు. ఎవలకూ తెల్వదు."

"నోరు లేని జీవి మీద పెట్టినవ్."

"పెట్టిన."

"అది అమ్ముడుపోతుండె. నువ్వు ఇంట్ల పడి ఉంటుంటివి." ఆమె గొంతు పెంచలేదు. "పక్క బెడ్డు ఆయినను చూసినవా? ఆయిన గూడ నాలుగు రోజులు ఎవలకూ చెప్పలేదంట. ఆయిన పెళ్లాం పొద్దుగాల చెప్పింది. ఇప్పుడు చెంచాతోటి తాపుతుంది."

రామ్‌చందర్ అటు చూడలేదు.

పదిన్నరకు నర్సు వచ్చింది. చేతులు చాపమంది, వేళ్లు గట్టిగా పట్టుకోమంది, పళ్లు చూపించమంది, రక్తపోటు చూసి రాసుకుని పోయింది. అన్నీ సరిగానే ఉన్నాయి. రామ్‌చందర్ దిండుకు ఆనుకుని, మహేష్‌కు రేపు ఏం చెప్పాలో చెప్పడం మొదలుపెట్టాడు. దుడ్డెను ముందు వదలాలి. చుక్కి తోక కొట్టడం ఆపేదాకా చన్ను ముట్టవద్దు. ఎడమవైపు నిలబడితే అది ఒప్పుకోదు. ఆండాలు వింటూ తల వంచుకుని బత్తాయి తొనల మీది పీచు లాగుతోంది.

"మొదటి రెండు పిడికిళ్ల పాలు కింద ప..."

మాట అక్కడ ఆగింది. ఆమె ఇంకా తలెత్తలేదు. బర్రెల సంగతి చెబుతూ అతను అలా ఆగి ఆలోచించుకోవడం మామూలే.

అతని ఎడమచేయి దుప్పటి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. అతను దాన్ని చూశాడు. తర్వాత వంచిన ఆమె తలను చూశాడు. ఆమె చూడలేదు. పది నిమిషాలు ఓర్చుకుంటే పోతుంది. నాలుగుసార్లు కరిగింది. కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకుని కొంచెం పైకి లాగాడు, చేయి మీదికి వచ్చేంత. అక్కడ ఆపాడు. పట్టుకున్న అంచు వదిలేశాడు.

"ఆండాలూ. పిలువు," అన్నాడు. నాలుక మందంగా కదిలింది. "వచ్చింది."

తొనలు నేల మీద చెదిరాయి. ఆమె వార్డు సగం దాకా పరుగెత్తి నర్సును కేకేసింది. నర్సు వెనక డాక్టరమ్మ వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు, మంచం చక్రాల బ్రేకులు తీశారు.

"ఎప్పుడు మొదలైందమ్మా?" డాక్టరమ్మ ఆండాలునే అడిగింది.

ఆండాలు నోరు తెరిచింది. అప్పుడు ఆమె చూస్తున్నది బత్తాయి పీచునే.

రామ్‌చందర్ కుడిచేయి ఎత్తి గోడ గడియారం వైపు చూపించాడు. ఒక్కొక్క మాటను నాలుకతో తోసి బయటకు తెచ్చాడు.

"పదకొండుకు... ఐదు నిమిషాలు తక్కువ. నేను చూసిన."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. పదకొండుకు రెండు నిమిషాలుంది. "మూడు నిమిషాలు," అని నర్సుతో చెప్పి మంచం ముందుకు నెట్టింది. ఆండాలు పక్కనే నడిచింది. అతని ఎడమచేయి దుప్పటి మీదే, అందరికీ కనిపించేలా ఉంది.